ఈత రానివాడి వాచీ

నాకు ఈత రాదు. అయినా మొన్నమొన్నటి దాకా నా దగ్గర నాలుగు డైవ్ వాచీలు ఉండేవి. నాలుగూ రెండువందల మీటర్ల దాకా నీళ్లని తట్టుకుంటామని డయల్ మీదే రాసుకున్నవి. వాటిని పెట్టుకుని నేను దిగిన అతి పెద్ద లోతు మా ఆఫీసు పార్కింగ్, బేస్‌మెంట్ త్రీ.

"ఈత రానోనికి గీ వాచి ఎందుకురా?" అని మొదటి వాచీ కొరియర్‌లో వచ్చిన రోజే నాయిన అడిగాడు. స్క్రూ డౌన్ క్రౌన్ అంటే ఏంటో, చుట్టూ తిరిగే ఆ బెజెల్ ఎందుకో చాలా ఉత్సాహంగా చెప్పాను. అంతా విని, "ఆఁ, మంచిగున్నది" అన్నాడు. మాట సరిగ్గా వినబడనప్పుడు ఆయన అనే మాట అదేనని నాకు అర్థం కావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది.

నాకున్న పిచ్చిలు రెండు. ఒకటి హెడ్‌ఫోన్స్, రెండోది డైవ్ వాచీలు. రెంటిలోనూ చౌకవే. ఆడియోఫైల్, కలెక్టర్ లాంటి పెద్ద మాటలు నాకు సరిపడవు. ఏ సైట్‌కి వెళ్లినా ముందు ధరని 'తక్కువ నుంచి ఎక్కువకి' అని పెట్టుకునే రకం నేను. మూడువేల హెడ్‌ఫోన్ ముప్ఫైవేల దాన్ని ఓడించిందని ఎవరైనా రాస్తే నా సొంత తమ్ముడు ఐఏఎస్ పాసైనంత సంతోషం. మా క్లాసులో పుట్టినవాళ్ల హాబీలు ఇలాగే ఉంటాయేమో. ఖర్చు పెట్టడంలో ఆనందం ఉండదు, మోసపోకుండా ఖర్చు పెట్టామన్న దాంట్లో ఉంటుంది.

*

హెడ్‌ఫోన్స్ ముందొచ్చాయి. మొదటి ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్, రూముకి నలుగురం. ఒకడికి నైట్ షిఫ్టు, ఒకడికి ఫోన్లో లవ్వు, ఒకడికి గురక. ఆ రూములో గోడ కట్టుకోవడానికి దొరికిన అతి చౌకైన ఇటుక పదకొండు వందల చైనా ఇయర్‌ఫోన్. అది చెవిలో పెట్టుకుని, కాలేజీ బస్సులో వందసార్లు విన్న ఒక ఇళయరాజా పాట పెట్టాను. కింద బేస్ గిటార్ తన పాటికి తాను ఇంకో పాట పాడుకుంటోంది. ఇన్నాళ్లూ ఈ పాటని నాకు సగమే ఇచ్చి పంపారు కదా అనిపించింది. ఆ తర్వాత ఆరేళ్లలో తొమ్మిది కొన్నాను.

వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది కాస్ వాళ్ల పోర్టా ప్రో. 1984లో వచ్చిన మోడల్, చూడ్డానికీ అలాగే ఉంటుంది. సన్నటి స్టీలు పట్టీ, చెవుల మీద నల్ల స్పాంజి, కణతల దగ్గర ఆనడానికి ఇంకో రెండు మెత్తటి ముక్కలు. అప్పుడప్పుడూ వెంట్రుకల్ని పట్టుకుని పీకుతుంది. మెట్రోలో పెట్టుకుంటే మన పాట పక్కవాడికీ, పక్కవాడి మాటలు మనకీ వినబడతాయి. అయినా నలభై ఏళ్లుగా అమ్ముడుపోతూనే ఉంది. ఎందుకంటే పాట బాగుంటుంది, అంతే.

ఇందులో రహస్యం ఏమీ లేదు. మామూలు హెడ్‌ఫోన్ లోపల ఉండేది ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, దానికి అతికించిన పల్చటి పొర. పొర కదిలితే గాలి కదులుతుంది, గాలి కదిలితే శబ్దం. సరుకు ఖరీదు తక్కువ, దాన్ని ఎలా ట్యూన్ చేశారన్నదే అసలు విషయం. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లని కొలిచి, అవి ఏ ఫ్రీక్వెన్సీని ఎంత గట్టిగా వినిపిస్తున్నాయన్నదానికీ వాటి ధరకీ సంబంధం కనబడలేదని తేల్చాడు. ఆ పేపర్ పేరే దాదాపు ఆ మాట. అది చదివిన రోజు నేను టీ తాగుతూ ఒంటరిగా నవ్వుకున్నాను. నా దరిద్రానికి సైన్సు సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

కానీ హెడ్‌ఫోన్స్‌తో ఒక చిక్కుంది. కొత్తది వచ్చిన రోజు పాత పాటలన్నీ కొత్తగా వినబడతాయి. నాలుగు రోజుల్లో చెవి అలవాటు పడిపోతుంది. ఐదో రోజు 'ఇందులో ట్రెబుల్ కొంచెం తక్కువ కదా' అనే పురుగు తొలుస్తుంది. ఆ పురుగు నోరు మూయించడానికి ఇంకో రెండువేలు. మారుతున్నది వస్తువా, వినేవాడా అన్నది ఎప్పటికీ తేలదు. పక్కవాడికి వినిపించి 'చూడు' అనడానికీ ఉండదు, వాడి చెవి వేరే.

1979లో సోనీ మొదటి వాక్‌మన్ తెచ్చినప్పుడు దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాలు రెండు ఉండేవి. ఇద్దరు కలిసి వినడానికి. మధ్యలో మాట్లాడుకోవాలంటే నొక్కడానికి ఒక బటన్ కూడా. మనిషి ఒంటరిగా పాట వింటాడన్నది అప్పటికి అంత మర్యాదగా తోచలేదన్నమాట. నేను తొమ్మిది హెడ్‌ఫోన్లు కొన్నాను గానీ, ఇద్దరు వినే స్ప్లిటర్ ముక్క ఒక్కటి కూడా కొనలేదు.

*

వాచీల పిచ్చికి కారణం నాయినే. ఆయన చేతికి ఒక ఆల్విన్ వాచీ ఉండేది. ఆల్విన్ అంటే ఇప్పటి పిల్లలకి ఏమీ తెలియదు. మాకు మాత్రం అది సనత్‌నగర్. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, ఆ తర్వాత వాచీలు. జపాన్‌లో సీకో వాళ్ల సాంకేతిక సహకారంతో హైదరాబాద్‌లో వాచీలు తయారయిన రోజులు ఉండేవి. నాయిన పనిచేసింది అందులో కాదు, బాలానగర్ వైపు ఇంకో ఫ్యాక్టరీలో, ప్రెస్ షాపులో. కానీ 1987లో మొదటి బోనస్‌తో కొన్నది ఆల్విన్. "మన ఊరి వాచి" అని. రోజూ పొద్దున షర్టు వేసుకునే ముందు కీ ఇచ్చేవాడు. ఇరవై ఎనిమిది సార్లు తిప్పాలట. అరవై ఏళ్లకి రిటైరయ్యేదాకా అదొక్కటే. రెండుసార్లు అద్దం మారింది, పట్టీలు ఎన్ని మారాయో లెక్కలేదు.

ఒక ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు తిరగేస్తూ, రిపేరు కోసమని దాన్ని ఒక వాచీ షాపులో చూపించాను. వెనక మూత తీసి, కంటికి భూతద్దం బిగించుకుని, ఆ ముసలాయన ఒక్కసారి లోపలికి చూడమన్నాడు. గోరంత చక్రం అటూ ఇటూ కొట్టుకుంటోంది. బ్యాటరీ లేదు, చిప్పు లేదు. పొద్దున మా నాయిన వేళ్లు పెట్టిన బలం సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా ఖర్చవుతోంది. ఆ రాత్రి నుంచి నా ఫోన్ నిండా వాచీలే.

డైవ్ వాచీ దగ్గర ఎందుకు ఆగానంటే, అది అబద్ధం చెప్పని వాచీ అనిపించింది. 1953లో బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాదమ్స్, రోలెక్స్ సబ్‌మెరీనర్ వచ్చాయి. ఇవాళ్టికీ డైవ్ వాచీ అంటే అదే రూపం. నల్ల డయల్, లావుపాటి ముళ్లు, చీకట్లో వెలిగే చుక్కలు, చుట్టూ తిరిగే బెజెల్. యాభై ఫాదమ్‌లంటే సుమారు 91 మీటర్లు, ఆ వాచీకి పేరు దాన్నుంచే వచ్చింది. ఒక్క గీత కూడా అందం కోసం కాదు. బెజెల్ ఒకవైపుకే తిరుగుతుంది. నీళ్లలో ఏ రాయికో తగిలి అది జరిగినా, గడిచిన సమయం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. మనిషి తొందరగా పైకొచ్చేస్తాడు, బతుకుతాడు. తప్పు జరిగినా ప్రాణం వైపే జరగాలని ఆలోచించి చేసిన వస్తువులు ఎన్నుంటాయి?

దీనికొక ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 6425. రాసుకున్న లోతు కంటే ఇరవై ఐదు శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. చీకట్లో ఇరవై ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి టైమ్ కనబడాలి. వాచీ నడుస్తోందో ఆగిపోయిందో కూడా ఆ చీకట్లోనే తెలియాలి, అందుకే సెకండ్ల ముల్లు మీద కూడా వెలిగే చుక్క ఉంటుంది. ఇవన్నీ పాసయితేనే డయల్ మీద 'డైవర్స్' అని రాసుకోవచ్చు.

నా మొదటిది కాసియో డ్యూరో. ఐదువేల లోపు. డయల్ మీద చిన్న మార్లిన్ చేప బొమ్మ. బిల్ గేట్స్ చేతికి ఈ వాచీ ఉన్న ఫోటో చూసినప్పుడు, ప్రపంచంలో ఆయనా నేనూ సమానమైన చోటు ఒకటుందని మురిసిపోయాను. దాని మీద 'డైవర్స్' అన్న మాట లేదు, 'వాటర్ రెసిస్ట్ 200ఎం' అని మాత్రం ఉంటుంది. ఆ ఒక్క మాట లేదనే వెలితితో రెండోది కొన్నాను. సీకో ఎస్‌కేఎక్స్ 007, సెకండ్ హ్యాండ్‌లో. 1996 నాటి మోడల్, 2019 ప్రాంతంలో ఆపేశారు. నాలుగు గంటల అంకె దగ్గర క్రౌన్. కీ ఇవ్వడానికి లేదు, చేతి కదలికకే నడుస్తుంది. నాది రోజుకి ఇరవై సెకన్లు ముందుకి పరిగెత్తేది. దానికంటే మూడో వంతు ధర ఉన్న డ్యూరో నెలకి అంత తేడా కూడా చూపించదు. సెకనుకి 32,768 సార్లు వణికే క్వార్ట్జ్ ముక్క ముందు ఎంత ఖరీదైన చక్రాలైనా దిగదుడుపే. ఆ తర్వాత ఒక ఓరియంట్, ఒక సిటిజన్. ఎందుకు కొన్నావంటే జవాబు లేదు. ఒకటి నీలం, ఒకటి వెలుతురుతో ఛార్జ్ అవుతుంది.

నిజానికి ఇప్పుడు సముద్రంలో దిగేవాళ్లు కూడా వీటిని నమ్ముకోవడం లేదు. చేతికి డైవ్ కంప్యూటర్ ఉంటుంది. సరదాకి దిగేవాళ్లకి నలభై మీటర్లే హద్దు. అంటే నా నాలుగు వాచీలు ఎవరూ పిలవని పెళ్లికి పట్టుచీర కట్టుకుని కూర్చున్నవి.

*

రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలా ఆలోచించాను, ఆఫీసులో పని లేనప్పుడు. హెడ్‌ఫోన్ ఎంత మంచిదో పెట్టుకున్నవాడికే తెలుస్తుంది. వాచీ ఎంత మంచిదో ఎదుటివాడికే ముందు తెలుస్తుంది. హెడ్‌ఫోన్ మనల్ని చుట్టుపక్కల నుంచి తప్పిస్తుంది, వాచీ 'పద, ఆలస్యమవుతోంది' అని మళ్లీ తెచ్చి పడేస్తుంది. హెడ్‌ఫోన్ స్పాంజి చిరుగుతుంది, వైరు తెగుతుంది, ఐదేళ్లు వస్తే గొప్ప. వాచీ మన తర్వాత కూడా ఉంటుంది.

రెంటికీ పోలిక కూడా ఉంది. రెండూ ఒకప్పుడు పనిముట్లు. 1910 ప్రాంతంలో నథానియెల్ బాల్డ్విన్ అమెరికాలో తన వంటింట్లో హెడ్‌ఫోన్లు చేసి నౌకాదళానికి అమ్మాడు. పాటల కోసం స్టీరియో హెడ్‌ఫోన్ 1958లో జాన్ కాస్ తెచ్చేదాకా అది ఆపరేటర్లు, సైనికులు నెత్తిన పెట్టుకునే బరువు. డైవ్ వాచీ కూడా అంతే, ఉద్యోగం నుంచి వచ్చింది. ఉద్యోగం పోయాక ఇద్దరూ మా లాంటి వాళ్ల ఇళ్లలో అద్దెకు దిగారు.

ఇలాంటివి నాకు బాగా వస్తాయి. ఈ పోలికల మీద నిద్ర లేకుండా గంటలు గంటలు మాట్లాడగలను. మా నాయినకి నా మాట వినబడుతోందా లేదా అన్నది మాత్రం ఆ గంటల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

*

పోయిన ఏడాది నాయినకి కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికి పంపిస్తూ మూడు రకాల చుక్కల మందులిచ్చారు. ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి ఇంకొకటి వేయాలి. వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది. రోజుకి నాలుగుసార్లు. అమ్మకి చేతులు వణుకుతాయి, నేను పగలు ఆఫీసులో ఉంటాను. నాయినే వేసుకుంటానన్నాడు.

నా డ్రాయర్‌లోంచి ఒక పాత డిజిటల్ వాచీ తీసి, ఐదు నిమిషాలకి టైమర్ పెట్టి ఇచ్చాను. అది ఆయన మంచం పక్కనే కూత పెట్టింది. నాయిన కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నాడు. పక్క గదిలోంచి నేనొచ్చాను, వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆయన కదల్లేదు.

"నాయినా, మోగుతుంది కదా."

"ఏం మోగుతుంది?"

"వాచి."

"ఆఁ, మంచిగున్నది."

అప్పుడు అర్థమైంది. ఆయనకి అడుగు దూరంలో ఉన్న ఆ కూత లేదు. అసలు లేదు. చాలా డిజిటల్ వాచీల బీప్ నాలుగువేల హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఏళ్ల తరబడి మెషిన్ల చప్పుడులో పనిచేసిన చెవిలో ముందు చచ్చిపోయేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఈ రెండు ముక్కలూ నాకు ఎప్పట్నుంచో తెలుసు. రివ్యూలు చదివీ చదివీ గ్రాఫులు కంఠతా వచ్చినవాణ్ని. ఏ హెడ్‌ఫోన్‌కి నాలుగువేల దగ్గర ఎంత పల్లం ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా నాయిన చెవిలో అక్కడ ఒక గుంత ఉందని మాత్రం తెలియదు.

ఏం చేయాలో తోచక డ్యూరో తీసి ఆయన చేతికి పెట్టాను. బెజెల్ మీది త్రిభుజాన్ని నిమిషాల ముల్లుకి ఐదు నిమిషాల ముందుకి తిప్పి, "ముల్లు వచ్చి దీన్ని ముట్టుకుంటే రెండో మందు" అని చెప్పాను. ఈసారి ఎదురుగా కూర్చుని, నా పెదాలు కనబడేట్టు.

ఎడమ కంటితో దగ్గరగా పెట్టుకుని చూశాడు. రెండుసార్లు టిక్‌టిక్‌మని తిప్పి చూశాడు. ముల్లు త్రిభుజం దగ్గరికొచ్చింది. రెండో మందు వేసుకున్నాడు. మళ్లీ తిప్పాడు.

"అరే, ఇది ఇనే పని లేదు" అన్నాడు.

నీళ్లలో మాట వినిపించదు. జాక్ కుస్తో 1956లో తీసిన సముద్రం సినిమా పేరే 'ద సైలెంట్ వరల్డ్'. అక్కడ దిగేవాడికి ఎవరూ కేకేసి 'టైమ్ అయింది, పైకి రా' అని చెప్పలేరు. అందుకే చెప్పాల్సినదంతా కంటికి చెప్పే వస్తువుని చేశారు. లావు ముల్లు, పెద్ద త్రిభుజం, వెలిగే చుక్క. నేను ఐదేళ్లుగా దాని గురించి అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అది ఎవరికి కావాలో ఆయన మా ఇంట్లోనే, పక్క గదిలోనే, నీళ్ల అడుగున కూర్చుని ఉన్నాడు.

*

కన్ను కుదుటపడ్డాక చెవి పరీక్షకి తీసుకెళ్లాను. సులువుగా కాదు. "చెవిటోని మిషిను పెట్టుకుంటే బస్తీల అందరు నవ్వుతరు" అన్నాడు. "నాకు ఇనవడ్తది, మీరే సక్కగ మాట్లాడరు" అని కూడా. రెండో మాటలో నిజముంది. ఆయనకి శబ్దం వినబడుతుంది, మాట అర్థం కాదు. అచ్చులకి బలమెక్కువ, అవి కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. 'స', 'ష', 'త', 'క' లాంటి హల్లుల పదును పైన ఉంటుంది. మన మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి, ఆయనకి మాటల తోకలు చేరుతున్నాయి, తలకాయలు పోతున్నాయి. 'ఆఁ, మంచిగున్నది' అనేది ఆ తోకలన్నిటికీ కలిపి ఇచ్చే జవాబు.

ఆడియాలజీ గదిలో నాయిన నెత్తిన ఒక హెడ్‌ఫోన్ పెట్టారు. గుర్తుపట్టాను, టెలిఫోనిక్స్ టీడీహెచ్-39. నల్ల రబ్బరు గుబ్బలు, బిగుతు పట్టీ. దశాబ్దాలుగా చెవి పరీక్షలకి వాడేది. దాని మీద ఎవరూ రివ్యూ రాయరు. బేస్ లేదు, అందం లేదు. నిన్న ఎలా మోగిందో ఇవాళా అలాగే మోగడం ఒక్కటే దాని పని. గాజు అవతల నాయిన వేలెత్తుతున్నాడు, దించుతున్నాడు. 250, 500, 1000 దాకా వేలు చురుగ్గానే లేచింది. 2000 దగ్గర ఆలస్యమైంది. 4000కి ఆయన మా వైపు చూశాడు, మొదలుపెట్టారా అన్నట్టు.

కాగితం మీద గీత నాలుగువేల దగ్గర బావిలోకి దిగినట్టు దిగింది. ఎనిమిదివేల దగ్గర కొంచెం పైకొచ్చింది. "మెషిన్ల దగ్గర పనిచేశారా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. ముప్ఫై ఏళ్లు అన్నాను. మిషన్లు వద్దు పెద్దాయనా అని ఆ ప్రెస్ షాపులో ఎవరూ అనలేదు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఎలాగూ వచ్చావు కదా అని నాకూ చేసింది. నా ఎడమ చెవి గీత నాలుగువేల దగ్గర చిన్నగా వంగింది. "బార్డర్‌లో ఉంది, హెడ్‌ఫోన్స్ ఎక్కువ వాడతారా?" అంది. వారానికి నలభై గంటలైతే ఎనభై డెసిబెల్స్ లోపే వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఉంది. మెట్రో చప్పుడుని మించి పాట వినబడాలంటే స్పాంజి హెడ్‌ఫోన్‌లో ఎంత పెంచాలో నాకు తెలుసు. నాయినకి ఆ గుంత పొట్టకూటి కోసం వచ్చింది. నాది సరదా కోసం వస్తోంది.

*

రెండు చెవులకీ మిషన్లు అరవై ఎనిమిది వేలు అన్నారు. ఇంటికొచ్చి, ఎప్పుడూ చేయని పని చేశాను. ఆరేళ్ల ఆర్డర్లన్నీ ఒక షీట్‌లో వేశాను. హెడ్‌ఫోన్లు, ఒక చిన్న డాక్: 24,600. వాచీలు, పట్టీలు: 47,900. మొత్తం 72,500. ఒక్క వస్తువు కూడా పదిహేనువేలు దాటలేదు. మోసపోకుండా కొన్నానని ప్రతిసారీ నేను సంబరపడ్డ లెక్క అది. చౌక వస్తువుతో వచ్చే మోసం ఇదే. ఒక్కటి కొన్నప్పుడు ఏమీ ఖర్చు పెట్టినట్టే ఉండదు. నాయిన 1987లో ఒక్క వాచీ కొని ఇరవై తొమ్మిదేళ్లు వాడాడు. ఆయనది అసలైన బడ్జెట్ హాబీ.

మూడు వాచీలు, ఐదు హెడ్‌ఫోన్లు అమ్మేశాను. సగానికి కొంచెం పైన వచ్చింది. సీకో మాత్రం కొన్న ధర కంటే ఎక్కువకి పోయింది, ఆపేసిన మోడల్ కదా. కొన్నవాడు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, ఎర్రమంజిల్ మెట్రో దగ్గర కలిశాడు. చేతికి పెట్టుకుని, బెజెల్ ఒక క్లిక్ తిప్పి, ఏమీ అనకుండా నవ్వాడు. ఈత వచ్చా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఇదంతా చేసి త్యాగం చేశానని చెప్పుకోవడం లేదు. పోర్టా ప్రో ఉంచుకున్నాను. దాన్ని అమ్మితే వచ్చేది కూడా ఏమీ లేదు. ఇప్పుడు సౌండ్ సగం దాటనివ్వను. ఒకరోజు నాయినకి ఘంటసాల పాట పెట్టి ఇచ్చాను, ఆయన మిషన్లు తీసి పక్కన పెట్టుకుని దీన్ని పెట్టుకున్నాడు. ఆ కాలం రికార్డింగులు మోనో. కుడి చెవికీ ఎడమ చెవికీ ఒకటే పాట. ఏ ఖరీదైన హెడ్‌ఫోన్ కూడా దాన్ని విడదీసి ఎక్కువ చేసి చూపించలేదు. స్పాంజిలోంచి బయటికి కారే పాట పక్కన కూర్చున్న నాకూ వినబడింది. సోనీ వాళ్లు రెండో రంధ్రం పెట్టిన పని ఈ స్పాంజి ఊరికే చేసి పెట్టింది.

మిషన్లు పెట్టుకున్న మొదటి రోజు నాయిన చాలా కోపంగా ఉన్నాడు. ఫ్యాను చప్పుడు. పేపరు తిప్పితే చప్పుడు. అమ్మ గిన్నెలు కడుగుతుంటే లేచి వెళ్లి, "గింత లొల్లి ఉంటదా ఇంట్ల?" అని అడిగాడు. "ఎప్పట్నుంచో ఉన్నది" అంది అమ్మ. చెవి, మెదడు అలవాటు పడాలి, మొదట రోజుకి గంట చాలు, తర్వాత మెల్లగా పెంచండి అని ఆ అమ్మాయి చెప్పి పంపింది.

గంట. బెజెల్ చుట్టూ ఉండేది కూడా అరవై నిమిషాలే. చుక్కల మందు ఎప్పుడో అయిపోయింది గానీ డ్యూరో ఆయన చేతి మీదే ఉండిపోయింది, నేనూ అడగలేదు. ఆల్విన్ బీరువాలో ఉంది, ఆదివారం తీసి కీ ఇస్తాడు. రోజూ సాయంత్రం మిషన్లు పెట్టుకుని, త్రిభుజాన్ని ముల్లు దగ్గరికి తిప్పి, వరండాలో కూర్చునేవాడు. ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్లీ త్రిభుజాన్ని తాకిన నిమిషంలో రెండూ తీసి డబ్బాలో పెట్టేసేవాడు. ఒక్క నిమిషం ఎక్కువ లేదు. ఫ్యాక్టరీ సైరన్ మోగినట్టు.

పోయిన గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండాలో అమ్మతో ఏదో వాదిస్తున్నాడు. మా చెల్లి పెళ్లప్పుడు ఎవరు ఎంత కట్నం చదివించారన్న పాత గొడవ. అమ్మ మామూలు గొంతుతోనే మాట్లాడుతోంది. నాయిన "ఆఁ, మంచిగున్నది" అనడం లేదు. "కాదు, నువ్వు తప్పు చెప్తున్నవ్" అంటున్నాడు. ఆయన చేతి వంక చూశాను. ముల్లు త్రిభుజాన్ని దాటి ఇరవై నిమిషాలయింది.

నేనేమీ అనలేదు. చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా లోపలికి పోయాను.